పొగమంచులో ఎత్తిన చెయ్యి

"ఆగిందా?"

"ఇంకా లేదు."

భార్య అరచెయ్యి అతని నుదుటి మీద ఉంది. రెండో చెయ్యి మెడ వెనక ఉంది. మంచం అంచున కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, అతను ఎదురుగోడ మీది మేకును చూస్తున్నాడు. ఆ మేకుకు ఏమీ తగిలించరు. అది చూడడానికే కొట్టిన మేకు. పొద్దున్నే తల ఎత్తేసరికి గది మొత్తం ఎడమకు జారుతుంది, వెనక్కి వస్తుంది, మళ్ళీ జారుతుంది. తలుపు జారుతుంది, కిటికీ జారుతుంది, మేకూ జారుతుంది. కానీ అన్నిటికన్నా ముందు ఆగేది మేకే.

"ఆగింది."

"సరిగ్గా చూసి చెప్పు. నిన్న కూడా ఆగిందనే చెప్పి బిందె మీద పడ్డావు."

"బిందె అడ్డం వచ్చింది."

"అవును, బిందెకు కాళ్ళున్నాయి మరి. నడిచొచ్చింది."

ఆమె చేతులు తీసింది. ఒకేసారి తీయదు. ముందు మెడ వెనక చెయ్యి, తర్వాత నుదుటి మీద చెయ్యి, చివరికి వేళ్ళ కొసలు. ఇరవై రెండేళ్ళుగా రోజూ ఇలాగే. జ్వరం వచ్చిన రోజుల్లో కూడా ఆమె ముందు లేచి ఈ పని చేసి, తర్వాత వెళ్ళి పడుకునేది.

అతను మొహం కడుక్కుని గూట్లో దేవుడి పటం ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు కానీ తల వంచలేదు. వంచితే లోకం తిరుగుతుంది. మొదట్లో అది తప్పుగా అనిపించేది. తల వంచనివాడి దండం దేవుడు తీసుకుంటాడా అని పెద్దలను అడిగాడు కూడా. మనసు వంచితే చాలన్నారు. మనసు వంగిందో లేదో తెలుసుకునేదెలాగో వాళ్ళు చెప్పలేదు. దేవుడికి అభ్యంతరం ఉంటే ఈపాటికి ఏదో ఒకటి అనేవాడు కదా అని ఒక రోజు అనుకునేవాడు. ఏమీ అనకపోవడమే ఆయన అలవాటేమో అని ఇంకో రోజు అనుకునేవాడు. ఈ మూడేళ్ళుగా మాత్రం ఆ గూటి ముందు ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు.

భార్య టీ గ్లాసు అతని కుడిచేతికి అందించింది. ఎడమచేతి చివరి మూడు వేళ్ళకు వేడీ తెలియదు, గ్లాసు ఉన్నదీ తెలియదు.

"ఇవాళ నాలుగింటికి తీసుకెళ్తారట," అంది ఆమె, పొయ్యి వైపు తిరిగి.

"ఎవర్ని?"

"ఆ మనిషిని. కూతురొచ్చిందిగా. వాళ్ళ ఊరు తీసుకెళ్ళి దగ్గర పెట్టుకుంటుందట. ఇంక నెలో, పక్షమో అన్నారట డాక్టర్లు."

అతను టీ తాగాడు. దానికి వేడి ఉంది, తీపి ఉంది. వాసన లేదు. ఇరవై రెండేళ్ళుగా దేనికీ లేదు.

"వెళ్ళి చూసొస్తాను," అన్నాడు.

 ఆమె గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది.

ఆ మనిషి అంటే సరంగు. ఒకప్పుడు లాంచీ నడిపినవాడు. ఆ లాంచీ మీదే అతను ముందు నిలబడే పని చేసేవాడు. ఆ రోజుల్లో ఆమె సరంగును నోరారా అన్నయ్యా అని పిలిచేది. ఆ వరసన మగవాళ్ళిద్దరూ ఒకరికొకరు బావలయ్యారు. ప్రమాదం జరిగి, సరంగు తప్పు వైపు తిప్పాడని విచారణలో తేలిన రోజు నుంచి ఆమె నోట అన్నయ్య అన్న మాట పోయింది. ఆ మనిషి అనే మిగిలింది.

ఇంటి నుంచి రేవుదాకా గోడ ఉంది. ఇళ్ళ గోడలు, కలప అడితి గోడ, తర్వాత గోదాము గోడ. అతను కుడి అరచెయ్యి దానికి ఆనించి నడుస్తాడు. బరువు మోపడానికి కాదు. నిలువు అంటే ఏదో చేతికి గుర్తుండడానికి. పక్కన గోడ తగులుతున్నంతసేపూ లోకం నిటారుగా ఉంటుంది. ఎడమ తుంటి విరిగి అతుక్కున్నాక ఆ కాలు అంగుళం పొట్టిదైంది. అందువల్ల ప్రతి రెండో అడుగుకూ భుజం కాస్త కిందికి దిగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎదుటి వరస గోడ పట్టుకుని వస్తాడు. ఎడమచేతికి గోడ తెలియదు గదా.

అందుకే రేవులో అందరికీ అతను గోడన్న. ఆ వీధిలో ఎవరూ గోడకు సైకిలు ఆనించరు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆనిస్తే, పక్కవాళ్ళే వచ్చి జరిపి, "అది గోడన్న దారి" అని చెబుతారు. రెండు వరసల గోడల మీదా నడుమెత్తులో సున్నం అరిగి నున్నటి చార పడింది. వెల్ల వేయించిన ఆర్నెల్లకు మళ్ళీ పడుతుంది.

గోదాము గోడ అయిపోయాక పదకొండు అడుగుల ఖాళీ నేల ఉంది. ఆ తర్వాతే అతను పనిచేసే షెడ్డు. ఆ పదకొండు అడుగులకూ ఒక తాడు ఉంది. గోదాము మూల ఇనుప కొక్కెం నుంచి షెడ్డు తలుపు పక్క గుంజకు, నడుమెత్తులో, బిగించి కట్టి ఉంటుంది. అది సరంగు కట్టింది. ఏటా వానల ముందు వచ్చి పాతది విప్పి కొత్తది కట్టేవాడు. కట్టి, రెండు చేతులతో దాని మీద వేలాడి చూసి, "నేనే ఆగానంటే నువ్వో లెక్కా బావా," అని వెళ్ళిపోయేవాడు. ఈ ఏడు కట్టలేదు. మంచం పట్టాడు. తాడు పీచు లేచి అరచేతికి గరుగ్గా తగులుతోంది.

షెడ్డులో నాలుగు వందల లైఫ్ జాకెట్లు ఉంటాయి. రోజుకు నలభై చొప్పున వాటిని పరీక్ష చేయడం అతని పని. కట్టు లాగి చూస్తాడు. పట్టీకున్న గొళ్ళెం టక్కుమంటుందో లేదో వింటాడు. ఈలను తుడిచి ఊదుతాడు. బూజు పట్టిందేమో అందరూ వాసన చూసి చెబుతారు. అతను చెంపకు ఆనించుకుని చెబుతాడు. లోపల నీళ్ళు పీల్చిన జాకెట్టు చెంపకు చల్లగా తగులుతుంది, ఎంత ఎండలో ఎండినా సరే. అతను పక్కన పెట్టినదాన్ని కోసి చూసి, తడి లేదన్న మనిషి ఇంతవరకూ లేడు.

పదకొండో జాకెట్టు దగ్గర కింద పడ్డ ఈల కోసం వంగాడు. వంగకూడదని తెలుసు. చిన్న వస్తువుల దగ్గరే మనిషి తెలిసింది మరిచిపోతాడు. షెడ్డు గిర్రున తిరిగింది. బల్ల పట్టుకుని, కళ్ళు మూసుకుని ఆగాడు.

అప్పుడు మళ్ళీ కనిపించింది.

ప్రమాదం జరిగిన పూట అతనికి గుర్తులేదు. తెల్లవారుజామున లాంచీ ఎక్కడం గుర్తుంది. తర్వాత పదకొండు రోజులకు ఆసుపత్రి పైకప్పు గుర్తుంది. మధ్యలో ఉన్నదంతా ఎవరో కత్తిరించి తీసేసినట్టు పోయింది. కానీ మూడేళ్ళ కిందట ఇలాగే కళ్ళు తిరిగినప్పుడు ఒక్క బొమ్మ పైకి తేలింది. తెల్లటి మంచు. లాంచీ నడిపే గది కిటికీ సగం పక్కకు జరిగి ఉంది. అందులోంచి సరంగు తల బయటపెట్టి నోరు తెరిచి ఏదో అంటున్నాడు. చేతిలో ఏదో నల్లగా వేలాడుతోంది. అంతే.

మొదటిసారి అది కనిపించినప్పుడు పోయిన వస్తువు దొరికినట్టు సంతోషపడ్డాడు. ఆ సాయంత్రం గోడ పట్టుకుని ఇంటికి వెళ్తుంటే, సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి.

మంచు పట్టినప్పుడు ఇంజను చప్పుడులో కేక వినిపించదు. అందుకే లాంచీ ముందు కొసన ఎత్తుగా ఉన్న అరుగు మీద ఒక మనిషిని నిలబెడతారు. అతను నీళ్ళను మాత్రమే చూడాలి. కుడివైపు ఏదైనా వస్తే కుడిచెయ్యి, ఎడమవైపు వస్తే ఎడమచెయ్యి ఎత్తాలి. వెనక గదిలో సరంగు ఆ చెయ్యి చూసి రెండో వైపుకు తిప్పుతాడు. ఏం జరిగినా ముందున్నవాడు వెనక్కి తిరగకూడదు. తిరిగితే అతని కుడి, లాంచీకి ఎడమ అయిపోతుంది. పనిలో చేరిన రోజు నేర్పే మొదటి పాఠం అది.

నీళ్ళనే చూస్తున్నవాడికి సరంగు మొహం ఎలా కనిపిస్తుంది?

ఎదుటి లాంచీ కుడివైపు నుంచి వచ్చిందని విచారణలో తేలింది. అతను కుడిచెయ్యే ఎత్తాడనీ, సరంగు అది చూడకుండా తన లెక్కన తాను కుడికి తిప్పాడనీ కాగితంలో ఉంది. అలా చెప్పింది సరంగే. రెండు లాంచీలు గుద్దుకున్న దెబ్బకు అతను అరుగు మీద నుంచి ఎగిరి, రెండు నిలువుల కింద తాళ్ళు చుట్టే ఇనుప గుంజ మీద పడ్డాడు. మిగతావాళ్ళు చిన్న దెబ్బలతో బయటపడ్డారు. సరంగును లాంచీ నుంచి దించి తాళ్ళ కొట్లో కూర్చోబెట్టారు. మళ్ళీ చుక్కాని ముట్టుకోనివ్వలేదు.

మూడేళ్ళుగా అతను ఇది ఎవరికీ చెప్పలేదు. భార్యకూ చెప్పలేదు. సరంగు వచ్చి తాడు కడుతుంటే పక్కన నిలబడి చూశాడు, మూడుసార్లు. తప్పు చేసినవాడి సేవ అనుకుని పంతొమ్మిదేళ్ళు తీసుకున్నాడు. తెలిశాక కూడా మూడేళ్ళు తీసుకున్నాడు. ఇవాళ నాలుగు దాటితే అడగడానికి మనిషి ఉండడు.

మధ్యాహ్నం భార్య క్యారియరు తెచ్చింది. అతను రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు.

టికెట్ల కిటికీ దగ్గర ఉండే ఆవిడ దగ్గరికి వెళ్ళి, సగం పూట సెలవు కావాలన్నాడు.

"వెళ్ళు గోడన్నా. నీ జాకెట్లు ఈదుకుంటూ ఎక్కడికీ పోవులే," అంది ఆవిడ.

తాళ్ళ కొట్టు పైన సరంగు గది. బయట నుంచి పదహారు ఇనుప మెట్లు ఉన్నాయి. ఎక్కేటప్పుడు గోడ కుడివైపు ఉంటుంది. దిగేటప్పుడు ఎడమవైపు. కుడిపక్కన సన్నటి ఊచ ఒకటి, అదీ ఊగుతుంది. ఎక్కడం అతనికి వచ్చు. దిగడమే రాదు.

"నువ్వు లోపలికి రాకపోయినా ఫరవాలేదు," అన్నాడు భార్యతో. "దిగేటప్పుడు ఎడమ పక్కన ఉంటే చాలు."

"ఏం చూద్దామని ఇప్పుడు? ఇన్నేళ్ళూ రోజూ చూసిన మొహమేగా."

"ఒక మాట అడగాలి."

ఆమె అతని మొహంలోకి చూసింది. పొద్దున్న మేకు ఆగిందో లేదో అతని కళ్ళలోనే చూసి తెలుసుకునే మనిషి ఆమె.  ఎడమ మోచెయ్యి పట్టుకుని పదహారు మెట్లూ ఎక్కించి, తలుపు బయట, ఎండలో నిలబడిపోయింది.

గది శుభ్రంగా ఉంది. కూతురు మూటలు కట్టేసింది. "రండి మామయ్యా," అని ముక్కాలి పీట లాగి, బండివాడికి దారి చెప్పి వస్తానని కిందికి వెళ్ళింది. సరంగు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పెద్ద మనిషి. ఇప్పుడు పక్క మీద దుప్పటి కింద ఒళ్ళు ఉందా లేదా అన్నట్టుంది. చేతులు మాత్రం తగ్గలేదు, అంత పెద్దవీ అలాగే ఉన్నాయి.

"ఏం బావా, మెట్లెక్కి వచ్చావు? ఎవరు మోశారు?"

"మీ చెల్లెలు."

సరంగు తలుపు వైపు చూశాడు. గడప మీద ఆమె నీడ పడి ఉంది. గొంతు తగ్గించాడు. "తాడు మార్చలేదు ఈ ఏడు. కొట్లో కొత్తది కోసి పెట్టాను. ఎవడి చేతైనా కట్టించుకో. ముడి మాత్రం నువ్వు చూడు. ఇప్పటివాళ్ళకు ముడి వెయ్యడం రాదు, చుట్టడం వచ్చు."

"బావా, ఆ రోజు నేను నీ వైపు తిరిగి ఉన్నానా?"

కింద ఎవరో తాడు చుట్టలు దొర్లిస్తున్న చప్పుడు వచ్చింది. సరంగు దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"అదంతా ఇప్పుడెందుకు? నేనే తప్పు తిప్పాను. కాగితం మీద ఉంది, చదువుకోలేదా?"

"నీ మొహం కనిపిస్తుంది నాకు. కిటికీలోంచి తల బయటపెట్టావు. నోరు తెరిచి ఉంది. ముందుకు చూస్తున్నవాడికి నీ మొహం ఎలా కనిపిస్తుంది?"

సరంగు దిండు మీద తల అతని వైపు తిప్పాడు. తర్వాత అన్నాడు, "ఎప్పటి నుంచి కనిపిస్తోంది?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళు!" దిండు మీద నుంచి లేవబోయాడు. "తెలిసి కూడా మూడేళ్ళు నా చేత తాడు కట్టించుకున్నావా?"

"వద్దంటే ఎందుకని అడుగుతావుగా."

సరంగు నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా అతను ఆ పెద్ద చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"తిరిగే ఉన్నావు," అన్నాడు సరంగు చివరికి. "కుడివైపు లాంచీ నీడ కంటికొసన కనబడ్డట్టుంది, అలవాటు కొద్దీ కుడిచెయ్యే ఎత్తావు. నాకది ఎడమవైపు కనపడింది. కుడికి తిప్పాను."

అతను తల ఊపలేదు. ఊపితే గది తిరుగుతుంది. కళ్ళు మాత్రం మూసి తెరిచాడు. ఇన్నాళ్ళూ అడిగిన ప్రశ్నకు జవాబు వస్తే ఏదో కూలుతుందనుకున్నాడు. ఏదీ కూలలేదు. పీట మీద అతను అలాగే కూర్చుని ఉన్నాడు, తుంటి నొప్పి అలాగే ఉంది.

"మరి నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"నువ్వు కళ్ళు తెరవలేదు. తెరుస్తావో లేదో తెలియదు. తప్పు నీదని రాస్తే, రేపు నువ్వు లేచినా రేవులో అడుగు పెట్టనివ్వరు. నాకు కాళ్ళూ చేతులూ తిన్నగా ఉన్నాయి. చుక్కాని లేకపోతే తాడు. ఏదో ఒకటి పట్టుకుంటాను గదా."

"నేను తిరగడం వల్లేగా..."

"ఎందుకు తిరిగావో అడగవేం?"

అతను చూశాడు.

"ముందు నిలబడ్డవాడితో మాట్లాడకూడదు. నేర్పించింది నేనే. ఆ పొద్దున మంచులో తడిసిపోయి, భుజాలు వణుకుతున్నాయి నీకు. గదిలో నా కోటు ఉంది. చూసి చూసి ఉండబట్టలేక కిటికీ జరిపి, బావా, కోటు వేసుకుంటావా, అని అరిచాను. పిలిస్తే తిరగవూ? ఎవడైనా తిరుగుతాడు."

అతనికి ఆ నల్లటిది ఏమిటో అప్పుడు తెలిసింది. మూడేళ్ళుగా ఆ తెరిచిన నోటిలో ఉన్నది హెచ్చరిక అనుకున్నాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే. కోటు." సరంగు దుప్పటి మీది చేతుల్ని చూసుకున్నాడు. "ఇందులో పాపం ఎవరిదో నాకైతే తేలలేదు బావా. నువ్వు రోజూ దండం పెడతావుగా, నీకేమైనా తేలిందా?"

"లేదు. ఆయనా చెప్పలేదు."

"పోనీలే. ఆయనకు మనలాంటి లాంచీలు ఎన్నున్నాయో."

గడప మీది నీడ కదిలింది. భార్య లోపలికి వచ్చింది. ఆ గదిలోకి ఆమె రావడం అదే మొదటిసారి. ఏది ఎక్కడుందో తెలియదు. కూజా కోసం ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసి, మూటల వెనక దాన్ని కనుక్కుని గ్లాసులోకి వంచింది. కళ్ళు తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు. మంచం పక్కన నిలబడి, ఎడమ అరచెయ్యి సరంగు తల వెనక పెట్టి కాస్త ఎత్తింది.

"కొంచెం నీళ్ళు తాగు అన్నయ్యా," అంది.

సరంగు తాగాడు. కొన్ని నీళ్ళు గడ్డం మీదుగా కారి చొక్కాను తడిపాయి. ఆమె కొంగుతో తుడిచింది. ఇరవై రెండేళ్ళ మాటలు ఆమె దగ్గర చాలా ఉండి ఉండాలి. పైగుండీ ఊడి ఉంటే పెట్టి, "కిటికీ పక్కన కూర్చోకు బండిలో, గాలి కొడుతుంది," అని మాత్రం అంది.

"అలాగేనమ్మా," అన్నాడు సరంగు. చిన్నపిల్లవాడిలా అన్నాడు.

నాలుగు కాకముందే బండి వచ్చింది. రేవులో పనిచేసే ఇద్దరు పైకి వచ్చి, గదిలో ఉన్న నవారు కుర్చీలో సరంగును కూర్చోబెట్టి ఎత్తారు. మెట్ల మలుపు దగ్గర కుర్చీ కాలు ఊచకు తగిలింది.

"మెల్లిగా రా నాయనా," అన్నాడు సరంగు. "గుద్దడంలో నా పేరు నువ్వు చెడగొట్టకు."

మోస్తున్నవాళ్ళు నవ్వారు. కూతురు నవ్వలేక పక్కకు తిరిగింది.

వాళ్ళ వెనక అతను దిగాడు. ఎడమ పక్కన భార్య ఉంది. మెట్టు మెట్టుకూ ఆగి, రెండు కాళ్ళూ ఒక మెట్టు మీద కలిశాకే తర్వాతి మెట్టు. కిందికి చూడలేదు. చూస్తే తిరుగుతుంది. కుర్చీలో వెళ్తున్న ఆ నెరిసిన తలనే చూస్తూ దిగాడు. పదహారు మెట్లూ దిగేదాకా అది జారలేదు.

బండిలో వెనక సీటు మీద పక్క వేశారు. సరంగును పడుకోబెట్టి తలుపు వేశారు. అతను అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. 

"ముడి నువ్వు చూసుకో," అన్నాడు సరంగు.

"చూసుకుంటా. చేరగానే కబురు పంపించు."

బండి కదిలింది. తొమ్మిది రోజుల తర్వాత కూతురి దగ్గర నుంచి కబురు వస్తుంది. నిద్రలోనే పోయారని, బాధపడలేదని, మామయ్యకు చెప్పమని. ఆ సాయంత్రానికి అది ఇంకా రాలేదు. బండి కలప అడితి దగ్గర మలుపు తిరిగేదాకా అతను చూశాడు. భార్య మలుపు తర్వాత కూడా కాసేపు చూసింది.

మోసినవాళ్ళు పనికి వెళ్ళిపోయారు. కుర్చీని పైకి చేర్చాలని ఎవరికీ గుర్తు రాలేదు. తాళ్ళ కొట్టు ముందు, రోడ్డు వైపు మొహం పెట్టి, అది దించినచోటే ఉంది. నడుమ కుంగిన నవారు ఒక్కో పట్టీగా, తీరిగ్గా, పైకి లేస్తోంది.